నా పేరు మీద ఓబులయ్య రక్తం

మార్కాపురం,
5-6-2023.

చిరంజీవి ఉమామహేశ్వర్లుకు అక్క విశాలాక్షి దీవించి రాసేది.

ఈ కవరు చూడగానే నువ్వు గుండె పట్టుకుంటావని తెలుసు. ఎవరూ పోలేదు. ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. ఇంటికి చేస్తే నీ పెళ్లాం సీతారత్నం స్పీకరు పెట్టి పోపు వేసుకుంటూ వింటుంది. దుకాణానికి చేస్తే నీ గుమాస్తా ఓబులయ్య ఎత్తి "చెప్పండమ్మా, సెట్టిగారికి నేను చెప్తా" అంటాడు. ఇది ఇద్దరికీ చెప్పే సంగతి కాదు.

మొన్న మా మనవరాలి బారసాలకు వచ్చి, దేవుడి గదిలో నా దగ్గర కూర్చుని ఏడ్చావే, దాని గురించి. పన్నెండేళ్ల కింద స్టీలు సామాను కొనడానికి మద్రాసు పోయి ఒకసారి తప్పుదోవ పట్టావు. ఇప్పుడు ఆరు కిలోలు తగ్గావు. ఈ రెండూ కలిపి నీకు ఎయిడ్సు వచ్చిందని నీకు నువ్వే తీర్పు చెప్పుకున్నావు. నువ్వు పోయాక గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను ఎవరికి చెందాలో కూడా కాగితం రాసిపెట్టానన్నావు. సిగ్గుండాలి.

నేను ముప్ఫై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. నీకూ ఒకటి చెబుతున్నాను, విను. హెచ్ఐవి ఉందో లేదో ఏడిస్తే తెలియదు, పరీక్ష చేస్తే తెలుస్తుంది. మీ ఊరి గవర్నమెంటు ఆసుపత్రిలోనే చేస్తారు. ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతాడు. నువ్వు సరేనంటేనే రక్తం తీస్తారు. డబ్బు తీసుకోరు, బయట ఎవరికీ చెప్పరు. వారంలోగా పోయి రా. పోయొచ్చి రాయి.

మామిడికాయ ఊరగాయ జాడీ బస్సులో పంపాను. జాడీ తిరిగి రావాలి.

నీ అక్క,
విశాలాక్షి.

గిద్దలూరు,
16-6-2023.

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. కవరు మీద "సొంతం, రహస్యం" అని ఎర్ర సిరాతో రాశావు. పోస్ట్‌మాన్ దాన్ని బజారు పొడుగునా అందరికీ కనబడేలా పట్టుకుని తెచ్చాడు. ఇకమీదట ఏమీ రాయకు.

ఇక్కడ ఎండలు ఇంకా మండిపోతున్నాయి. దుకాణంలో సామాను ముట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. ఊరగాయలో ఉప్పు కాస్త ఎక్కువైంది.

నువ్వు చెప్పిన పని అయింది. పాజిటివ్ అని వచ్చింది. కంగారు పడకు, నాకేమీ లేదు. ఆకలి కూడా బాగా వేస్తోంది. మిగతాది తీరిగ్గా రాస్తాను. పెళ్లివాళ్లు సారె సామాను చూసుకోవడానికి వచ్చి కూర్చున్నారు.

తమ్ముడు,
ఉమామహేశ్వర్లు.

మార్కాపురం,
19-6-2023.

నాయనా ఉమా,

"పాజిటివ్ అని వచ్చింది, నాకేమీ లేదు" అని ఒకే వరుసలో రాసిన మనిషిని నిన్నే చూశాను. రెండు రోజులుగా ఏడుస్తున్నాను. మీ బావ హనుమంతరావు గారు అడిగితే ఉల్లిపాయలు కోస్తున్నానన్నాను. ఆయన ఉల్లిపాయ పచ్చడి అడిగారు. అది కూడా చేశాను.

నువ్వు ధైర్యం నటించకు. తొలిరోజుల్లో అందరూ నమ్మలేరట, నాకేం లేదు నాకేం లేదు అంటారట. నేను మా ఊరి ఆసుపత్రికి పోయి పుస్తకాలు తెచ్చుకుని చదివాను. ఇది పూర్వపు రోజుల్లా కాదు. మందులు ఊరికే ఇస్తారు. రోజూ మాత్ర తప్పకుండా వేసుకుంటే అందరిలాగే బతుకుతావు, మనవళ్లను ఎత్తుకుంటావు. ఒక కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా ఎవరికీ అంటదు. కానీ సీతారత్నానికి చెప్పి తీరాలి, ఆమె కూడా పరీక్ష చేయించుకోవాలి. కౌన్సెలర్ ఏమన్నాడు? మందులు ఎప్పుడు మొదలు?

నువ్వు చేసిన తప్పు నాకు అక్కర్లేదు. నువ్వు కావాలి.

అక్క.

గిద్దలూరు,
24-6-2023.

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడుపు వచ్చింది. ఆ తర్వాత సిగ్గు వేసింది. ఆ రక్తం నాది కాదు. తిట్టకుండా చివరిదాకా చదువు.

ఆసుపత్రి గేటు దాకా నేనే పోయాను. అక్కడ టీ బంకు దగ్గర సిమెంటు కొట్టు పుల్లారావు నిలబడి ఉన్నాడు. "ఏంది బావా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు. అంతే, వెనక్కి తిరిగాను. సాయంత్రానికి వాళ్లావిడ బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి ఇంటికి వచ్చింది. గేటు దాకా పోయినందుకే బత్తాయిలు వస్తే, లోపలికి పోతే ఏమేం వచ్చేవో చెప్పు.

దుకాణం పెట్టినప్పటి నుంచి నేను ఏ లైన్లో నిలబడ్డాను అక్కా? కరెంటాఫీసుకు ఓబులయ్యే, గ్యాసుకు ఓబులయ్యే. నా మోకాలు నొప్పికి సీతారత్నం మొక్కుకుంటే, తిరుపతి పోయి నా బదులు గుండు చేయించుకుని వచ్చింది కూడా ఓబులయ్యే. నొప్పి తగ్గింది కూడా. ఆ అలవాటులో "నా పేరు చెప్పి ఇచ్చి రా" అన్నాను. ఇది నీ తమ్ముడి తెలివి.

నా తెల్ల చొక్కా వేసుకుని పోయాడు. కౌన్సెలర్ పేరు ఇశ్రాయేలు. నెమ్మదైన మనిషట, గంటసేపు మాట్లాడాడట. ఓబులయ్య నా బదులు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, నా గ్యాసు నొప్పి, సీతారత్నం కోపం, నా నిద్ర పట్టకపోవడం అన్నీ చెప్పుకున్నాడట. మద్రాసు సంగతి అడిగితే "ఒకసారి" అని చెప్పమని నేర్పి పంపాను. ఈయన "రెండుసార్లు" అని చెప్పి వచ్చాడు. ఎందుకయ్యా అంటే, "అన్నీ దాచకుండా చెప్పమన్నాడయ్యా ఆయన. రెండుసార్లూ బయట సామాను మూటల కాడ కూచున్నది నేనే గదా" అన్నాడు. అక్కా, రెండుసార్లే. నీకు ఒకసారి అని చెప్పినందుకు క్షమించు.

పాజిటివ్ అని చెప్పగానే ఓబులయ్య అక్కడే భోరుమన్నాడట, నా కోసం. "అయ్యో మా సెట్టి" అని, మళ్లీ "అదే, నేను" అని సర్దుకున్నాడట. దుకాణానికి వచ్చి షట్టరు సగం దించి, నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. అది ఎవరి జబ్బో నాకు అప్పుడు తట్టింది. ఇరవై ఏళ్లుగా నా దగ్గర ఉన్న మనిషి. ఆరు నెలలుగా జ్వరం వచ్చిపోతుంటే ఒక మాత్ర చేతిలో పెట్టి పని చెప్పాను. ఆ నిమిషంలో నోరు పెగల్లేదు. తర్వాత కూడా పెగల్లేదు.

ఆయన లెక్క వేరు. రోజంతా మిషను మీద గిన్నెలకు పేర్లు కొట్టే మనిషి. ఏ పేరు కొడితే ఆ ఇంటి గిన్నె. చీటీ మీద నా పేరుంది గనుక జబ్బు నాది. ఇప్పుడు రోజూ పొద్దున్నే అమ్మవారి గుడిలో నా గోత్రనామాలతో అర్చన చేయిస్తున్నాడు. ఏ కోరిక అని పూజారి అడిగితే జబ్బు పేరు కూడా గట్టిగా చెప్పాడట, అమ్మవారు పొరబడకుండా. వెనక లైన్లో పదిమంది ఉన్నారట.

నిన్నటి నుంచి దుకాణానికి వచ్చినవాళ్లు నేను ముట్టుకున్న గ్లాసు వద్దని పైనున్నది అడుగుతున్నారు. ఏం చేయమంటావు?

ఉమా.

మార్కాపురం,
28-6-2023.

ఒరే ఉమా,

దీవెనలు లేవు, తర్వాత చూస్తాను.

నేను వారం పైగా నీ కోసం ఏడ్చి, మొన్నటి నుంచి ఎవరి కోసం ఏడవాలో తెలియక కూర్చున్నాను. నీ జుట్టు బదులు ఇంకొకరి జుట్టు ఇచ్చినా దేవుడు ఊరుకున్నాడేమో, రక్తానికి అది చెల్లదురా. నీ ఉత్తరమంతా గ్లాసులు, బత్తాయిలు, పుల్లారావు. ఓబులయ్యకు ఇప్పటిదాకా చెప్పలేదన్న ముక్క మాత్రం ఒక మూలన పెట్టావు.

నువ్వు నోరు విప్పని ప్రతిరోజూ ఆ మనిషికి మందు పడని రోజు. ఆయన తన జ్వరంతో గుడికి నడిచి నీకు అర్చన చేయిస్తున్నాడు. నీకు అన్నం ఎలా సయిస్తోందిరా?

ఎలా చెప్పాలో తెలియకపోతే 1097కు ఫోను చెయ్యి. దీనికోసమే పెట్టిన నంబరు, పేరు అడగరు, డబ్బు పడదు. ఆ తర్వాత ఈ పూటే చెప్పు.

విశాలాక్షి.

గిద్దలూరు,
6-7-2023.

అక్కా,

చెప్పాను. కానీ చెప్పినట్టు కాలేదు.

ముందు గోడౌన్లో పెద్ద డేక్సాల వెనక కూర్చుని 1097కు చేశాను. మా స్నేహితుడొకాయన తన బదులు వేరే మనిషిని పరీక్షకు పంపాడండీ అన్నాను. అవతలి అమ్మాయి నవ్వలేదు. అంతా విని, "మరి మీ స్నేహితుడు కూడా పరీక్ష చేయించుకోవాలి కదండీ" అంది. అక్కా, ఒట్టు, నాకు ఆ ఆలోచనే రాలేదు! నా పేరు మీద ఒక కాగితం వచ్చేసరికి నా పని అయిపోయిందనే అనుకుంటూ తిరుగుతున్నాను.

ఆ తర్వాత ఓబులయ్యను కూర్చోబెట్టి, "అది నా జబ్బు కాదయ్యా, నీది. రక్తం నీది కదా" అన్నాను. ఆయన మిషను సూది రెండుసార్లు తుడిచాడు. చివరికి తలెత్తి, "అట్లనే అయ్యా. మీరు చెప్పినాంక కాదంటానా? నేనే పెట్టుకుంటా" అన్నాడు.

"పెట్టుకోవడం కాదయ్యా, నిజంగా నీదే!"

"నాదే, నాదే. ఎవురడిగినా అట్లనే చెప్తా. ఇంట్లో అమ్మకు కూడా నాదనే చెప్పండి. మాత్రలు శానా పెద్దగుంటాయంట, మీకు గొంతు దిగవు. నేను మింగుతాలెండి."

నేను తల పట్టుకున్నాను. ఎంత చెబితే అంతగా నన్ను ఓదార్చాడు. నేను భయపడి తన మీదికి తోస్తున్నానని అనుకున్నాడు, దానికి కోపం కూడా తెచ్చుకోలేదు. ఇరవై ఏళ్లుగా నేను ఏది తోసినా తీసుకున్న మనిషి. ఆ అలవాటు చేసింది నేనే కదా అక్కా.

సరే, ఎలాగోలా మందు వేసుకుంటాడులే అనుకున్నాను. వాళ్లావిడ రాములమ్మను బేస్తవారిపేట నుంచి పిలిపించు, ఆమెకూ పరీక్ష చేయించాలి అన్నాను. ఆయన నవ్వాడు. "దానికెందుకయ్యా? మీ జబ్బు దానికెట్ల వస్తది?"

ఉమా.

మార్కాపురం,
10-7-2023.

ఉమా,

రాములమ్మ మాట చదివి అన్నం ముందు నుంచి లేచి వచ్చి రాస్తున్నాను. మాటలతో ఇది తేలదు. ఇద్దరూ ఆ కౌన్సెలర్ ముందు పక్కపక్కన కూర్చోండి. ఎవరి పేరు వాళ్లు చెప్పి, ఎవరి చెయ్యి వాళ్లు చాపండి. ఫలితం ఒకరి ముందు ఒకరు వినండి, ఇద్దరికీ ఇష్టమైతే. ముందు సీతారత్నానికి నిజం చెప్పు. తన్నితే తన్నించుకో.

పుల్లారావు గేటు దగ్గర ఉంటే ఉండనీ. బత్తాయిలు నేను తింటాను.

అక్క.

గిద్దలూరు,
20-7-2023.

అక్కయ్యకు,

మొదట సీతారత్నం. మద్రాసు అన్నంతవరకు విన్నది. రెండుసార్లు అన్నాక లేచిపోయింది. మూడు రోజులు నాకు వడ్డించలేదు. ఓబులయ్య క్యారియర్‌లో తిన్నాను, ఆయన సగం నాకు పెట్టాడు. నాలుగో రోజు తనే చీర మార్చుకుని వచ్చి "పదండి, నన్ను కూడా చూపించుకోనీండి" అంది. ఇంకా మాట్లాడటం లేదు. రాములమ్మను నేనే కబురు పెట్టి పిలిపించాను.

పుల్లారావు గేటు దగ్గరే ఉన్నాడు. "బావా, అది నిజమేనా?" అన్నాడు. లోపలికి పోతున్నాను, అడిగి వచ్చి చెబుతానన్నాను.

ఇశ్రాయేలు గారు మా నలుగురినీ చూసి కాగితం తీసి, "ఉమామహేశ్వర్లు గారు ఎవరు?" అన్నారు. ఇద్దరం చెయ్యెత్తాం. ఓబులయ్య నా చెయ్యి పట్టుకుని కిందికి దించి, "నేనే సార్, ఈయన ఊరికే తోడు వచ్చినాడు" అన్నాడు. అప్పుడు నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. గుండు సంగతి కూడా చెప్పాను. ఇశ్రాయేలు గారు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. తర్వాత నీళ్లు తాగి, "పేరు ఎవరిదన్నా చెప్పొచ్చు అన్నా. రక్తం మాత్రం ఎవరిది వాళ్లే ఇయ్యాల" అన్నారు.

ఒక్కొక్కరిని విడిగా పిలిచి మాట్లాడి రక్తం తీశారు. నాకు హెచ్ఐవి లేదు, షుగరు ఉంది. ఆ ఆరు కిలోలూ షుగరు తిన్నదే. సీతారత్నానికి ఏమీ లేదు. ఓబులయ్య నన్ను పక్కన ఉండమన్నాడు. అందుకని ఆయన ఫలితం నేనూ విన్నాను.

ఆయన తనదీ నాదీ రెండు కాగితాలూ చేతిలో పట్టుకుని ఒకటి, మళ్లీ ఒకటి చూశాడు. "అయితే ఇది మీరు నాకు ఇచ్చింది కాదా?" అన్నాడు. కాదయ్యా అన్నాను. "మీకు లేనే లేదా?" లేదన్నాను. "అమ్మయ్య" అన్నాడు అక్కా. ముందు ఆ మాటే అన్నాడు. ఆ తర్వాత ముఖం మారిపోయింది. "రాములమ్మ బయట కూచోనుంది" అన్నాడు. గోడ పట్టుకున్నాడు.

రాములమ్మ ఫలితానికి అరగంట పట్టింది. నేను జీవితంలో అంత పొడుగు అరగంట చూడలేదు. ఇశ్రాయేలు గారు ఓబులయ్య చెయ్యి వదల్లేదు. "ఎట్ల వచ్చిందని నేను అడగను మామా. ఎట్ల బతకాలనో మాట్లాడుకుందాం" అన్నారు. రాములమ్మకు లేదని తేలింది. మూడు నెలలకు మళ్లీ ఒకసారి చేస్తారట. ఓబులయ్య ఆ మాట విని చొక్కా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఈసారి తన కోసం ఏడ్చాడు. రాములమ్మకు తనే చెప్పాడు, ఇశ్రాయేలు గారి గదిలో, తలుపు వేసుకుని. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఇద్దరూ కలిసే బయటికి వచ్చారు.

మందులు మొదలయ్యాయి. పొద్దున ఎనిమిదికి ఆయన మాత్ర ఆయనా, నా షుగరు మాత్ర నేనూ దుకాణంలోనే వేసుకుంటున్నాం. ఆయన మాత్ర చిన్నదే, గొంతు దిగుతోంది. నెలకోసారి ఆ జబ్బున్నవాళ్లంతా కూర్చుని మాట్లాడుకునే సమావేశం ఉందట, పోతానన్నాడు. ఇదంతా నీకు రాయొచ్చా అని అడిగే రాస్తున్నాను. "అక్కకు చెప్పండి. ఇంక ఎవురికీ వద్దయ్యా, మా ఊర్లో తెలిస్తే మా ఇంటి పొయ్యి నిప్పు కూడా ముట్టరు" అన్నాడు.

నీ తమ్ముడు.

మార్కాపురం,
27-7-2023.

చిరంజీవి ఉమామహేశ్వర్లుకు, ఈసారి నిజంగా దీవించి.

ఓబులయ్యకు, రాములమ్మకు నా దీవెనలు చెప్పు. వాళ్ల సంగతి నా దగ్గరే ఉంటుంది, మీ బావకు కూడా చెప్పను.

ఇక నీ సంగతి. నీ జబ్బు మార్కాపురం దాకా వచ్చింది. నిన్న బజారులో మన వాళ్లలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని "పాపం, ఎన్నాళ్లంట?" అంది. నాకు ఒళ్లు మండింది. నీకు లేదన్న కాగితం ఉంది కదా, దాన్ని పటం కట్టించి గల్లాపెట్టె మీద తగిలించు. అందరి నోళ్లూ మూతపడతాయి. అధిక మాసం పోగానే పుల్లారావు కూతురి పెళ్లి అంటున్నారు, అప్పటికి ఊరు సర్దుకోవాలి.

జాడీ ఇంకా రాలేదు.

అక్క.

గిద్దలూరు,
30-8-2023.

అక్కా,

నువ్వు చెప్పినట్టే కాగితాన్ని పటం కట్టించాను. లక్ష్మీదేవి పక్కన తగిలించాను. వచ్చినవాళ్లంతా చదివారు. రెండు రోజులు బాగానే గడిచింది, గ్లాసులు పైనుంచి అడగడం మానేశారు.

మూడో రోజు పెద్దారవీడు నుంచి ఒక పెద్దావిడ బిందె కొనడానికి వచ్చింది. పటం చదివి, "నీకు లేదంటివి. మరి గుళ్లో అర్చన ఎవురికోసరం చేసిండ్రు? జబ్బు ఎవురిదో ఒకరిది ఉండాల గదా నాయనా" అంది. దుకాణమంతా చూసింది. దుకాణంలో ఎవరున్నారు? నేనూ, ఓబులయ్యా. వెనక పేర్లు కొట్టే మిషను చప్పుడు ఆగిపోయింది.

నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదక్కా. "నాదేలే పెద్దమ్మా. అది వేరే వాళ్ల కాగితం, నేనే ఊరికే తగిలించినా" అన్నాను. పటం దించి బల్ల కింద పెట్టాను. ఆమె బిందె కొనకుండానే పోయింది. చాలాసేపటికి గానీ మిషను చప్పుడు మొదలుకాలేదు. సీతారత్నానికి చెబితే కోప్పడుతుందనుకున్నాను. నెల రోజుల తర్వాత మొదటిసారి "కాఫీ తాగుతారా?" అని అడిగింది.

కాబట్టి అక్కా, బజారులో ఎవరు అడిగినా అవునని చెప్పు. మా తమ్ముడికే, మందు వాడుతున్నాడు, బాగున్నాడు అను. ఇది నేను ఇంకొకరిని పంపి చేయించగలిగింది కాదు. భయం లేదని అబద్ధం చెప్పను. చాలా భయంగా ఉంది.

మొన్న పుల్లారావు కూతురి పెళ్లికి పోయాం. సీతారత్నం పెళ్లికూతురి గదిలో ఉండిపోయింది. భోజనాల వేళకు పుల్లారావు నన్ను చెయ్యి పట్టుకోకుండా, ఎంతో మర్యాదగా "ఇట్ల రా బావా" అని పందిరి చివరికి తీసుకుపోయాడు. అక్కడ జనరేటర్ పక్కన ఒక్క ఆకు వేసి ఉంది. నా ఒక్కడికే. నీళ్లకు కాగితం గ్లాసు. పంక్తిలో రెండు వందల మంది నన్ను చూడనట్టు చూస్తున్నారు. లేచి వచ్చేద్దామనుకున్నాను.

అంతలో ఓబులయ్య పంక్తిలోంచి తన ఖాళీ ఆకు తీసుకుని వచ్చాడు. నా ఆకు పక్కన పరుచుకుని కూర్చున్నాడు. పుల్లారావు పరుగున వచ్చి "ఓబులయ్యా, నీకు తెలీదు, జాగర్త" అని చెవిలో చెప్పబోయాడు.

"నాకు తెల్సు పుల్లారావన్నా. పక్కన కూచుంటే రాదు" అన్నాడు గట్టిగా.

పంక్తిలో తలలన్నీ మా వైపు తిరిగాయి. తర్వాత మొదలుపెట్టారు చూడు! "ఎంత విశ్వాసం! ఎంత గుండె ధైర్యం! ఇట్లాంటి మనిషి ఎవురికి దొరుకుతాడు?" అని ఓబులయ్యను ఒకటే మెచ్చుకోవడం. ఒక ముసలాయన లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. తర్వాత నావైపు చూసి, చేతులు పంచెకు తుడుచుకుని పోయాడు.

ఓబులయ్య తల వంచుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడేమోనని చూశాను. భుజాలు అదురుతున్నాయి. నవ్వుతున్నాడు అక్కా. ఆ రెండు కాగితాలు చూసిన రోజు నుంచి ఆ మనిషి నవ్వగా నేను చూడలేదు. నాకూ ఆగలేదు. ఇద్దరం ఆకుల మీద నీళ్లు చల్లుకుంటూ, జనరేటర్ మోతలో ఎవరికీ వినబడకుండా నవ్వాం. వడ్డించేవాళ్లు దూరం నుంచే పులిహోర వేసి పోయారు. బాగుంది. ఓబులయ్య కేక వేసి మళ్లీ పిలిపించాడు, ఇద్దరం రెండోసారి వేయించుకున్నాం.

నీ తమ్ముడు,
ఉమామహేశ్వర్లు.